భూమికి స్తంభాలున్నాయన్న జీవరత్నం సారు

జీవరత్నం సారు పరమపదించారు. ఈ చిన్న వాక్యం కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. ఆ ఉదయం నేను పెరట్లో తులసికి నీళ్ళు పోస్తున్నాను. మా బడి ప్యూను సైకిలు దిగకుండానే గోడ మీదుగా తల పెట్టి, "పంతులూ, జీవరత్నం సారు తెల్లారగట్ల పోయిండు. మాపటికి మట్టి జేస్తరంట" అని చెప్పి ఇంకో ఇంటికి వెళ్ళిపోయాడు. ముందురోజు సాయంత్రమే ఆయన మంచం పక్కన కూర్చొని వచ్చినవాణ్ణి. డాక్టరు ఆశ వదులుకున్న సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా నిర్ఘాంతపోయాను. చెంబులో నీళ్ళు ఎప్పుడు ఒలికిపోయాయో చూసుకోలేదు.

సూర్యాపేటలో మా ఉన్నత పాఠశాలలో ఆయన భూగోళం చెప్పేవారు, నేను తెలుగు చెబుతాను. తెలుగువాళ్ళందరికీ కలిపి కొత్త రాష్ట్రం ఏర్పడిన ఏడే ఇద్దరం ఆ బడిలో చేరాం. ఆయనది కోదాడ పక్కన పల్లె. మాది మిర్యాలగూడలో ధాన్యం కొట్టు నడిపే ఇల్లు. ఆయన క్రైస్తవుడు, నేను ఏకాదశి ఉపవాసాలవాణ్ణి. ఊళ్ళో చాలామందికి ఆయన గురించి తెలిసింది ఒక్కటే. బైబిలు రాసినవాళ్ళు భూమిని చదునుగా ఊహించుకున్నారని నిండు సభలో చెప్పి, తన చర్చి సంఘంలో ప్రభు భోజనానికి, అంటే క్రీస్తు పేరున అందరూ పంచుకొనే రొట్టెకు, దూరమైన మనిషి. తప్పయిందని ఒక్క మాట అంటే మళ్ళీ రొట్టె ఇస్తామన్నారు సంఘపెద్దలు. చివరి ఘడియలో ఆయన ఆ మాట అన్నారని ఇప్పుడొక ప్రచారం నడుస్తోంది. అన్నారో లేదో చెప్పవలసిన బాధ్యత నా మీద ఉంది, ఎందుకంటే ఆ సాయంత్రం అక్కడ ఉన్నవాళ్ళలో నేనొకణ్ణి. కాని ముందు ఆయన ఎవరో చెప్పాలి. లేకపోతే ఇదంతా ఒక మొండివాడి కథలా వినిపిస్తుంది. మొండివాడే, కాదనను.

బడిలో చేరిన కొత్తలో ఒక చంద్రగ్రహణం వచ్చింది. ఊరంతా పొద్దువాలక ముందే వంటలు ముగించి తలుపులు వేసుకుంది. నేను దర్భలు పట్టుకొని ఇంట్లో జపానికి కూర్చున్నాను. కిటికీ దగ్గర గొంతు వినపడింది. "ఏమయ్యా పండితుడా, మీ రాహువు మింగుతున్నాడు. నీడ అంచు గుండ్రంగా ఉంది. వచ్చి చూస్తావా, ఉపవాసం చెడుతుందా?" నేను లోపల్నుంచే, "విడుపు స్నానం అయినంక వస్త, నువ్వు పో" అన్నాను. "అప్పటికి నీడ పోయి చంద్రుడొక్కడే మిగులుతాడయ్యా!" అని నవ్వారు. ఏం చెయ్యను, దర్భలు చేతిలో పట్టుకొనే వెళ్ళాను. బడి ఆవరణలో పిల్లలందరినీ నిలబెట్టి, చంద్రుడి మీద పాకుతున్నది మన భూమి నీడేననీ, ఆ అంచు ఎప్పుడు చూసినా వంపుగానే ఉంటుందనీ చెబుతున్నారు. ఆయన కన్నా ఎక్కువగా భూమి గుండ్రమని నమ్మినవాడు నల్లగొండ జిల్లాలో ఉన్నాడని నేననుకోను. ఇది గుర్తుపెట్టుకోండి. రేపెవరైనా ఆయన భూమి చదునుగా ఉందన్నాడని చెబితే, మా బడిలో చదివిన పిల్లలెవరూ నమ్మరు.

అప్పటి నుంచి మా స్నేహం ముదిరింది. స్నేహమంటే రోజూ పోట్లాట. సాయంత్రం బడి విడిచాక బస్టాండు పక్క హోటల్లో చాయ్ ముందు పెట్టుకొని మొదలుపెట్టేవాళ్ళం. నేనేది చెప్పినా ఆయన కాదనేవారు, ఆయనేది చెప్పినా నాకు ఒళ్ళు మండేది. మా పురాణాల్లో భూమి ఎట్లా ఉంటుందో నాచేత చెప్పించుకున్నారు ఒకనాడు. మధ్యన మేరుపర్వతం, చుట్టూ ద్వీపాలు, వాటిని చుట్టి ఉప్పు సముద్రం, చెరకు రసం, కల్లు, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీళ్ళు. ఆయన కళ్ళు మూసుకొని విన్నారు. "మీవాళ్ళు భోజనప్రియులయ్యా. మావాళ్ళకు కింద నీళ్ళు, పైన నీళ్ళు, అంతే!" అన్నారు. తరువాత హోటలు బల్ల మీద ఒలికిన చాయ్‌లో వేలు ముంచి బొమ్మ గీశారు. చదునైన నేల. దాని కింద స్తంభాలు. స్తంభాల కింద అగాధజలం. నేల మీద మూకుడు బోర్లించినట్టు ఆకాశం, సాగగొట్టిన రేకులాగా గట్టిది. దాని పైన మళ్ళీ నీళ్ళు. ఆకాశానికి తూములు. తూములెత్తితే వాన.

"నిజంగ మీ బైబిల్ల గిట్ల ఉన్నదా?" అన్నాను. నాకు లోపల సంతోషం, ఒప్పుకుంటాను. మేమొక్కరమే కాదన్నమాట.

"ఉంది. భూమికి స్తంభాలున్నాయి, మూలలున్నాయి, కదలకుండా వేసిన పునాది ఉంది. ఒక ఎత్తయిన కొండెక్కితే లోకంలోని రాజ్యాలన్నీ కనపడతాయి. బంతి మీద అట్లా కనపడతాయా?"

"వలయం అని యాడనో ఉన్నదంటరు గద మీవోళ్ళు?"

"ఉంది. జొన్నరొట్టె వలయమే. బంతి కాదు."

"మరి దేవుడు చెప్పించిన పుస్తకమంటివి. భూమి గుండ్రమని ఆయనకు ఎరుక లేదా? చెప్పరాదా?" అని నేను రెట్టించాను.

ఆయన నవ్వలేదు. "చెప్పాల్సింది అది కాదు గనక చెప్పలేదు. బీదవాడి కూలి ఆపొద్దు, పక్కవాడి గట్టు జరపొద్దు, పరదేశిని తరమొద్దు అని చెప్పడానికి వచ్చాడు. ముందు భూగోళం పాఠం మొదలుపెడితే ఎవడు వింటాడయ్యా? వాళ్ళకు తెలిసిన ఆకాశం కిందనే నిలబడి మాట్లాడాడు." ఆ మాట నాకు నచ్చింది. నచ్చిందని ఆయనతో అనలేదు, అంటే దానికి కూడా ఏదో ఒక వంక పెట్టేవారు.

ఆయన బాల్యం గురించి ఒక్కసారే చెప్పారు. తండ్రి జీతగాడు. ఊరి బయట వాళ్ళ వాడ పిల్లలను బడి గడప తొక్కనిచ్చేవారు కాదు. దావీదు గారని సంఘం తరఫున పల్లెపల్లె తిరిగి బోధించే మనిషి, ఈయన్ను పశువుల వెంట పోతుంటే పట్టుకొని, ఇసుకలో వేలు పట్టి అక్షరాలు దిద్దించారు. సంచిలో రెండు జతల బట్టలు పెట్టి హాస్టలుకు తీసుకెళ్ళి దించారు. "నాకు ఊరు ఏమీ ఇవ్వలేదు పండితుడా. అక్షరం, అన్నం, చొక్కా, సుగుణ, అన్నీ సంఘమే ఇచ్చింది," అన్నారు. సుగుణమ్మ ఆయన భార్య. సంఘమే చూసి చేసిన పెళ్ళి. ఆ దావీదు గారే తరువాత సూర్యాపేట సంఘంలో పెద్దయ్యారు. జీవరత్నం సారు ఆయన్ను తాతా అని పిలిచేవారు.

మనుషులు చంద్రుడి మీద కాలు పెట్టిన ఏడు మిర్యాలగూడలో క్రైస్తవుల సభలు జరిగాయి. ఆ రోజుల్లో సంఘంలో అందరికీ ఒక గుబులు. చంద్రుడి మీదికి పోయారంటే ఆకాశం ఏమైనట్టు, గ్రంథం ఏమైనట్టు అని పిల్లలు అడుగుతున్నారు. భూగోళం సారు మనవాడే ఉండగా భయమేమిటని దావీదు గారు ఈయన్ను వేదిక మీదికి పిలిపించారు. సైన్సు ఇవాళ కనుక్కున్నది మన గ్రంథంలో ఏనాడో ఉందని, భూమి గుండ్రమని ప్రవక్తలకు ముందే తెలుసని చెప్పాలి. అదీ ఏర్పాటు. సంఘమంతటికీ అది గౌరవం, ఆయనకు మరీ గౌరవం. సుగుణమ్మ ఆయన ధోవతి గంజి పెట్టి ఇస్త్రీ చేయించింది. మా అన్న కొట్టుకు పనిమీద వెళ్ళిన నేను కూడా పందిట్లో వెనక నిలబడ్డాను.

ఆయనకు ముందు మాట్లాడిన ప్రసంగీకుడు అదే చెప్పి జనం చేత స్తోత్రాలు పలికించాడు. జీవరత్నం సారు లేచారు. గొంతు సవరించుకున్నారు. "ఆ అయ్యగారు చెప్పినట్టు గ్రంథంలో లేదు," అన్నారు. "భూమి గుండ్రమన్నది నిజం. ఆ సంగతి గ్రంథం రాసిన పెద్దలకు తెలియదన్నదీ నిజం. వాళ్ళు దీన్ని స్తంభాల మీద పరిచిన నేల అనుకున్నారు. సాగరు కాలువకు తూములెత్తితే మీ పొలాలకు నీళ్ళు వస్తున్నాయి చూడండి, ఆకాశానికీ అట్లాంటి తూములే ఉన్నాయనుకున్నారు. దానికి సిగ్గుపడాల్సిన పనేముంది? వాళ్ళు దేవుణ్ణి ఎరిగినవాళ్ళు, చంద్రుణ్ణి ఎరిగినవాళ్ళు కాదు. దేవుడి తరఫున అబద్ధమాడమని ఆయన మనల్ని అడగలేదు. నేను ఆడను."

దావీదు గారు వేదిక మీదనే ఉన్నారు. "కూసో," అన్నారు మెల్లగా. "కూసో బిడ్డా." ఆయన కూర్చున్నారు. వెంటనే ఎవరో పాట ఎత్తుకున్నారు. ఆ పాట పూర్తయ్యేలోగా సగం మంది తలలు తిప్పి ఈయన్ను చూడటం, ఒకరి చెవిలో ఒకరు మాట్లాడుకోవడం నాకు వెనక నుంచి కనపడుతూనే ఉంది.

సూర్యాపేటలో పెద్దల కూటమి కూడింది. లోపల ఏమైందో ఆయనే నాకు చెప్పారు. తీర్మానం పెట్టింది దావీదు గారు. "నిన్ను ఎల్లగొట్టుతలేము. తప్పయిందని ఒక్క మాట అను, గంతే. గ్రంథంల తెల్వనిది ఉన్నదంటే రేపు పొల్లగాండ్లు మోక్షం గూడ తెల్వదంటరు. గా భయం నీకు లేదా?" అని అడిగారట. చెబితే నమ్మరు, ఆ భయం సబబేనని జీవరత్నం సారు నాతో అన్నారు. "తాతది ప్రేమే. కాని అబద్ధం మీద నిలబెట్టిన పిల్లలు ఆ అబద్ధం తెలిసిన రోజున అంతా వదిలేసి పోతారయ్యా." చేతులెత్తమన్నారు. చేతులు లేచాయి. తప్పు ఒప్పుకునేదాకా ఆయనకు ప్రభు భోజనం లేదు.

ఆ సంఘంలో నెలకొకసారి ఆ భోజనం. దావీదు గారు అందించిన రొట్టెముక్కల పళ్ళెం వరుసలో చేతి నుంచి చేతికి వస్తుంది. ఆయన ఏ ఆదివారమూ మానలేదు. సుగుణమ్మ కూడా మానేస్తానంటే గట్టిగా కోప్పడి తీసుకొమ్మన్నారు. తన దగ్గరికి పళ్ళెం వస్తే రెండు చేతులా అందుకొని, దాని వంక ఒకసారి చూసి, పక్కవాడికి అందించేవారు. ఏళ్ళ తరబడి అంతే. "ఊళ్ళె ఇంకో సంఘం లేదా? ఏందయ్యా నీకీ పరేషాన్?" అని నేను కసురుకున్నాను. "తల్లి అలిగి అన్నం పెట్టకపోతే పక్కింట్లో తిని వస్తామా?" అన్నారు. నేను చాయ్ సగంలో వదిలేసి లేచి వచ్చేశాను.

మన ఊళ్ళో దేవుడు లేడనే మిత్రులకు ఏనాడూ కొదవ లేదు. వాళ్ళు సంతోషంగా పరుగెత్తుకొచ్చారు. "సారూ, గా గుడోళ్ళు నిన్ను బైట వెట్టిండ్రు గద. మా సభకు రా, బైబిలంత కట్టుకథ అని జర గట్టిగ చెప్పు," అన్నారు. వెళ్ళారు. మైకు ముందు నిలబడి, "పొద్దు పొడిచింది, పొద్దు గుంకింది అని మీరూ అంటారు. భూమి తిరిగింది అనేవాణ్ణి ఒక్కణ్ణి చూపండి. మీరంతా అబద్ధాలకోర్లా? ఆ పుస్తకం కట్టుకథ కాదు, నా ప్రాణం," అని చెప్పి దిగి వచ్చేశారు. వాళ్ళు మళ్ళీ ఆయన గడప తొక్కలేదు. ఇట్లా ఇటు వాళ్ళకూ కాక, అటు వాళ్ళకూ కాక, ఆ మనిషి నడివీధిలో ఒంటరిగా నిలబడిపోయారు. మిగిలింది నేను. నేనా, సగం మాటలు అర్థం కాని తెలుగు పండితుణ్ణి.

అన్నిటికన్నా నాకు కడుపు తరుక్కుపోయేది క్రిస్మస్ ముందు రోజుల్లో. పాటల బృందం ఇంటింటికీ వెళ్ళి గుమ్మం ముందు పాడుతుంది. ఆ వీధిలో అందరి ఇళ్ళ ముందూ పాడి, ఆయన ఇల్లు రాగానే గొంతులు తగ్గించి దాటిపోయేవాళ్ళు. సుగుణమ్మ మాత్రం ఏటేటా పెద్ద గిన్నెలో చాయ్ కాచి, బిస్కట్లు పళ్ళెంలో పేర్చి సిద్ధంగా ఉంచేది. మరునాడు ఆ బిస్కట్లు స్టాఫ్ రూముకు వచ్చేవి. "తినవయ్యా, ఉపవాసం కాదుగా," అనేవారు. తినేవాణ్ణి.

ఈ ఏడు గుండె జబ్బు ముదిరింది. దవాఖానలో కొన్నాళ్ళు ఉంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. సుగుణమ్మ నన్ను వాకిట్లో ఆపి, "అన్నా, ఆయన నీ మాట ఇంటడు. తప్పయిందని ఒక్క ముక్క అనుమనరాదే. రొట్టె తినకుంట పోతడేమోనని నా పానం కొట్టుకుంటున్నది," అని ఏడ్చింది. నేను లోపలికి వెళ్ళి బతిమాలాను. భూమి ఎట్లున్నా తిరుగుతుంది, నీ మాటతో ఆగదు, ఆ ముసలి దావీదు గారి కోసం అనేసెయ్యి అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకొని, "నాతో ఏకీభవించకుండానే నువ్వు నన్ను వదలకపోవడమే నాకు ఇన్నాళ్ళూ ధైర్యమయ్యా. ఇట్లాగే ఉండు," అన్నారు.

ఆఖరి సాయంత్రం పాస్టరు గారు వచ్చారు. కొత్తగా వచ్చిన కుర్రవాడు, మంచివాడు. సంచిలోంచి చిన్న గిన్నెలో రొట్టె, సీసాలో ద్రాక్షరసం తీశారు. "సారూ, నేనేం అడగను. తలుపు దగ్గరికేసి ప్రార్థన చేసుకుందం. పెద్దలకు తెల్వాల్సిన పని లేదు," అన్నారు. సుగుణమ్మ అప్పటికే చేతులు జోడించింది. జీవరత్నం సారు ఆ గిన్నె వైపు చూశారు. "తలుపు తెరిచిపెట్టి ఇస్తారా అయ్యగారూ?" అన్నారు. పాస్టరు తల వంచుకొని, "నా సంగతి గూడ జర ఆలోచించుండ్రి సారూ," అన్నారు. "మీ మీద నాకేం లేదు. కాని నలుగురిలో తీసేశారు, నలుగురిలోనే పెట్టాలి. దొంగతనంగా వద్దండి." పాస్టరు గారు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఆ తెల్లవారుజామున ఈయన పోయారు.

సమాధి అయిన మూడో నాడు దావీదు గారు కర్ర పొడుచుకుంటూ ఆ ఇంటికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. "అయ్యగారు రొట్టె పట్కపోయిండని తెలిసింది. జీవరత్నం ఒప్పుకున్నట్టే గద? వచ్చే ఆదివారం గుడిల వాని పేరు మీద కూడిక వెడ్తం. వాని పేరు మళ్ల పిలుస్తం," అన్నారు.

సుగుణమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది. "ఆయన అనలే తాతా," అంది.

ముసలాయన నా వైపు తిరిగారు. "పంతులూ, నువ్వు చెప్పు. నువ్వు మావోనివి గావు, నీకు లాభం లేదు, నువ్వంటె సంఘం నమ్ముతది. వాణ్ణి ఇసుకల అక్షరాలు దిద్దించిన చేతులివి. తప్పయిందన్నడని ఒక్క మాట చెప్పు, నాకు నిద్ర వడ్తది."

నేను చెప్పగలను. ఆ ముసలి చేతులు చూస్తే చెప్పాలనీ అనిపించింది. ఎవరికి నష్టం? కాని బతికినన్నాళ్ళూ ఆయన దేవుడి కోసమే చెప్పని అబద్ధాన్ని, చచ్చిన మూడో నాడు ఆయన కోసం నేను చెప్పడమా? "అనలేదు దావీదు గారూ," అన్నాను. సుగుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి ఏమన్నడు ఆఖరికి?" అని అడిగారాయన.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పాస్టరు గారు సంచి సర్దుకొని వెళ్ళాక జీవరత్నం సారు కళ్ళు తెరిచి, "ఆకలిగా ఉందయ్యా," అన్నారు. సుగుణమ్మ జావ తెచ్చింది. "ఇది కాదు," అని గోడ వైపు తిరిగి పడుకున్నారు. తరువాత మాట లేదు.

దావీదు గారు కర్రను రెండు చేతులా పట్టుకున్నారు. "ఏండ్లకేండ్లు పళ్ళెం నా చేతులకెల్లే పోయింది," అన్నారు. లేవలేకపోతే నేనే రెక్క పట్టుకొని వీధి చివరిదాకా దించి వచ్చాను. ఆ ఆదివారం గుడిలో ఏ కూడికా జరగలేదు. ఇంటి ముందు పట్టా పరుచుకొని పాత విద్యార్థులు కొందరు, నేను, పాస్టరు గారు కూర్చున్నాం. కాసేపటికి దావీదు గారు వచ్చి పట్టా అంచున కూర్చున్నారు. ఆయనను మాట్లాడమని ఎవరూ అడగలేదు.

సారూ, మీరు ఆ మాట వెనక్కి తీసుకోలేదని అందరికీ తెలిసేలా ఇక్కడ రాశాను. మీ శుచి, మీ సత్యనిష్ఠ, మీ అభిమానం వర్ణించడానికి నా సంస్కృత పదాలు చాలవు. మీ వంటి మనిషి మళ్ళీ మా బడికి రారు. మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇప్పుడు స్టాఫ్ రూములో నేనేది చెప్పినా అందరూ అవునంటున్నారు, పంతులు గారు చెప్పారంటే సరే అంటున్నారు. చాయ్ చల్లారిపోతోంది, కాదనేవాడు ఒక్కడు లేడు.